లుముంబా హత్య: దస్తావేజులు చెప్పే సాక్ష్యం

రాజకీయ హత్యను విచారించేటప్పుడు తుపాకి పేల్చిన చేతిని పట్టుకోవడంతో న్యాయస్థానం పని ముగియవచ్చు. చరిత్ర పని అంతటితో ముగియదు. ఆ చావు ఎవరికి అవసరమైందో అది తేల్చవలసి ఉంటుంది. కాంగో తొలి ప్రధాని పాట్రిస్ లుముంబా హత్యను ఈ దృష్టితోనే పరిశీలించాలని నా అభిప్రాయం.

1960 జూన్ 30న కాంగో బెల్జియం పాలననుండి విముక్తి పొందింది. రెండు వారాలైనా గడవకముందే, జూలై 11న, రాగి గనులకు నిలయమైన కటాంగా విడిపోయింది. ఆ గనులు యూనియన్ మినియేర్ అనే బెల్జియన్ కంపెనీవి. షోంబే ప్రభుత్వాన్ని నిలబెట్టినవి ఆ కంపెనీ చెల్లించిన పన్నులు, బెల్జియన్ సైనికాధికారుల సేవలు. దేశసంపద దేశప్రజలదే కావాలన్న లుముంబా వీరందరికీ కంటగింపయినాడు.

సెప్టెంబరులో మొబుటు అధికారాన్ని చేజిక్కించుకున్నాడు. డిసెంబరు 1న లుముంబా పట్టుబడ్డాడు. 1961 జనవరి 17న ఆయననూ, సహచరులు మపోలో, ఒకీటోలనూ కటాంగాకు తరలించి, ఆ రాత్రే బెల్జియన్ అధికారుల సమక్షంలో కాల్చి చంపారు. తర్వాత ఒక బెల్జియన్ పోలీసు అధికారి శవాలను ఆమ్లంలో కరిగించాడు. పారిపోతుంటే గ్రామస్థులు చంపారని ఫిబ్రవరి 13న కటాంగా ప్రకటించింది.

శవాలు కరిగాయి గాని కాగితాలు కరగలేదు. సి.ఐ.ఏ. లుముంబాకోసం విషం పంపిన సంగతిని 1975లో అమెరికా సెనేట్ సంఘమే బయటపెట్టింది. అయితే ఆ విషం వాడబడలేదు. 1999లో లూడో డి విట్టే గ్రంథం వెలువడిన మీదట బెల్జియన్ పార్లమెంటు విచారణ సంఘాన్ని నియమించింది. కొందరు బెల్జియన్ మంత్రులకు "నైతిక బాధ్యత" ఉందని 2001లో ఆ సంఘం తేల్చింది.

చంపమన్న లిఖిత ఉత్తర్వు లేదన్నదే ఈ మెత్తని మాటకు ఆధారం. కాని లుముంబాను కటాంగాకు తరలించాలని బెల్జియన్ మంత్రి పట్టుబట్టి తంతి పంపింది జనవరి 16న. మర్నాడే హత్య జరిగింది. బద్ధశత్రువుల చేతికి బందీని అప్పగించమనడంకంటె వేరే ఉత్తర్వు కావాలా? మొబుటు, షోంబేల పాపాన్ని తగ్గించి చూపడం నా ఉద్దేశం కాదు. వారి చేతులు ఎవరి ప్రయోజనాలకోసం పనిచేశాయన్నదే ప్రశ్న.

2022 జూన్‌లో బెల్జియం లుముంబా కుటుంబానికి ఒక పన్ను అప్పగించింది. ఆయన దేహంలో మిగిలింది అంతే. శిక్ష లేని బాధ్యతకు నైతికమన్న విశేషణం తగిలించడం పాలకవర్గాలకు కొత్త కాదు. ఆ విశేషణాన్ని తొలగించి చదవడమే మన కర్తవ్యం.