బల్లయు, శరీరజ్ఞానమును

“పిల్లవానికి కడుపులో బల్ల పెరిగినది” అను మాట కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలోని పెద్దలకు క్రొత్త కాదు. బల్ల యనగా ప్లీహము. మలేరియా పలుమారు వచ్చినవారికి అది పెరిగి ఎడమ ప్రక్క చేతికి తగులును. దానిని కరగించుటకై కడుపుపై వాతలు పెట్టించుకొని బడికి వచ్చిన పిల్లలను మేము చూచియున్నాము. వాత చర్మమును కాల్చును. ప్లీహము లోపల యథాప్రకారమే యుండును. ఆ తల్లిదండ్రులకు కొరవడినది ప్రేమ కాదు, శరీరజ్ఞానము.

ఈ జ్ఞానము మన పూర్వులకు లేకపోలేదు. ప్లీహము హృదయమునకు దిగువ ఎడమవైపునను, యకృత్తు కుడివైపునను ఉండునని సుశ్రుత సంహిత చెప్పినది. శవమును గడ్డితో చుట్టి, పారునీట ఏడు రాత్రులుంచి, పొరపొరగా గీచి కన్నులార చూడవలెనని విధించినది. కాలక్రమమున శ్లోకము మిగిలెను, చూపు పోయెను. 1836లో కలకత్తాలో శవచ్ఛేదమునకు పూనుకొన్న మధుసూదన గుప్త సంస్కృత వైద్యము చదివినవాడే. 1846లో హైదరాబాదునందును వైద్యపాఠశాల వెలసినది.

ఆ చూపు రోగనిర్ణయమున కెట్లు తోడ్పడును? ఎడమ కడుపున గడ్డ తగిలినంతనే ప్లీహ మనరాదు, మూత్రపిండమును కావచ్చును. ప్లీహము 9 మొదలు 11వ పక్కటెముకల చాటున నుండును. పెరిగినచో బొడ్డువైపు ఏటవాలుగా దిగును. ఊపిరి పీల్చినపుడు కదలును. అంచున నొక్కు తగులును. దానికిని పక్కటెముకలకును నడుమ వ్రేళ్లు దూరవు. మూత్రపిండము వెన్నువైపుననుండుటచే వెనుక నొక చేయి, ముందొక చేయి యుంచిన రెంటి నడుమ చిక్కును. పెరిగిన ప్లీహము కొద్దిపాటి దెబ్బకే పగిలి ప్రాణము తీయవచ్చును గనుక, వైద్యుని చేయి మెత్తగా నుండవలెను. నేడు రక్తపరీక్ష మలేరియాను తేల్చును. కాని ఏ పరీక్ష కోరవలెనో చెప్పునది ఎరిగిన చేయియే.

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడయందు నల్లని రేణువులుగల కణములను కనుగొనెను. అంతకుముందు ఎన్నో దోమలను కోసి చూచినవాడగుటచే, అవి సహజములు కావని గుర్తింపగలిగెను. సహజము నెరిగినవానికే వికృతి కానవచ్చును.

2008లో ఆదిలాబాదునకును వైద్యకళాశాల వచ్చినది. అచట చదువువారికి తొలి గురువు మృతదేహమే. శరీరదానమునకు సమ్మతించు ప్రతి కుటుంబమును ఆ గురుత్వమున పాలుపంచుకొనును. మా వంటి ఉపాధ్యాయులు చేయదగినదియు నొకటి కలదు: నల్లబల్లపై మనిషి బొమ్మ గీచి, ప్లీహమెచటనుండునో పిల్లలకు చూపుట. అది తెలిసిన పిల్లవాడు రేపు తండ్రియైనపుడు, తన బిడ్డ కడుపుపై వాత పెట్టనీయడు.