గెలిచేది ఎవరో ముందే తెలిస్తే రేసు ఎందుకు? షోలవరం నుంచి హుస్సేన్‌సాగర్ దాకా

తిరుచానూరు నుంచి మీ వాడిని. ఫార్ములా వన్ గురించి ఎపిసోడ్ చేస్తాను అంటే మా ఫ్రెండ్స్ గ్యాంగ్‌లో అందరిదీ ఒకటే మాట: "ఏముందిరా అందులో, ఎవడు గెలుస్తాడో శనివారమే తెలిసిపోతుంది కదా." దానికి తోడు ఒక సలహా కూడా రెడీగా ఉంటుంది. అందరికీ ఒకే కారు ఇచ్చేయండి, అప్పుడు తెలుస్తుంది ఎవడి సత్తా ఎంతో అని. వినడానికి బాగుంది. కానీ ఈ సలహా కొత్తది కాదు. మనకు బాగా దగ్గర్లోనే దీన్ని ఒకాయన 1980ల్లోనే చేసి చూపించాడు.

చెన్నై నుంచి నెల్లూరు వైపు వచ్చే పాత జీఎన్‌టీ రోడ్డు ఉంది కదా, దాని మీద రెడ్‌హిల్స్ దాటితే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది, తర్వాత దశాబ్దాల పాటు ఆ రన్‌వే మీదే రేసులు. అక్కడ ఎవరు గెలిచేవాళ్లు? సింపుల్‌గా చెప్పాలంటే, ఫారిన్ నుంచి కారు తెప్పించుకోగలిగినవాళ్లు. విజయ్ మాల్యా 1980ల మొదట్లో ఎన్‌సైన్ అనే టీమ్ వాడిన పాత ఫార్ములా వన్ కారు తెచ్చి అక్కడ నడిపాడు. మిగతా వాళ్లలో చాలామంది ఫియట్, అంబాసిడర్ లాంటి కార్లని విప్పి, బిగించి, చెక్కి తెచ్చేవాళ్లు. అది ఎట్లుంటుందంటే, బ్రేక్ దర్శనం టికెట్ ఉన్నాయన్నీ సర్వదర్శనం క్యూలో ఉన్నాయన్నీ నిలబెట్టి, ఇద్దరిలో అమ్మవారిని ముందు ఎవరు చూస్తారో పందెం కాద్దాం అన్నట్టు.

ఇక్కడే కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్ వస్తాడు. మిల్లుల కుటుంబం. ఆ ఊరి మిల్లు కుటుంబాల్లో చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారని మన చిత్తూరు వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. డబ్బు విషయానికొస్తే ఆయనే బ్రేక్ దర్శనం బ్యాచ్. కావాలంటే ఏటా ఒక విదేశీ కారు తెప్పించుకుని కప్పులు ఇంట్లో పేర్చుకోవచ్చు. ఆయన చేసింది వేరే. మారుతి 800 ఇంజన్ తీసుకుని, దాని చుట్టూ ఒక చిన్న సింగిల్ సీటర్ రేస్ కారు డిజైన్ చేశాడు. 796 సీసీ ఇంజన్, ఊళ్లో ఏ మెకానిక్ అయినా చేయి పెట్టగలిగేది. స్పేర్ పార్ట్ పోతే బజార్లో దొరుకుతుంది. దాన్నే ఫార్ములా మారుతి అన్నారు. 1980ల చివరి నుంచి, తర్వాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పక్కా ట్రాక్ వచ్చాక కూడా, ఒక తరం కుర్రాళ్లు రేసింగ్ నేర్చుకున్నది ఈ కార్లలోనే. ఆ ట్రాక్ మన తిరుచానూరు నుంచి పుత్తూరు, తిరువళ్లూరు మీదుగా పోతే రెండు మూడు గంటల దారి. మనకు హైదరాబాద్ కంటే చాలా దగ్గర.

నాకు ఇందులో నచ్చిన పాయింట్ ఏంటంటే, కరివర్ధన్ సమానత్వం తెచ్చింది చూసేవాళ్లకు థ్రిల్ కోసం కాదు. లోపలికి రాలేని వాళ్లు లోపలికి రావడానికి. ఈ రెండూ వేరు వేరు విషయాలు. మనం టీవీ ముందు కూర్చుని "బోర్" అన్నప్పుడు అడిగేది మొదటిది, ట్రాక్ బయట హెల్మెట్ పట్టుకుని నిలబడ్డవాడికి కావాల్సింది రెండోది. 1995లో కరివర్ధన్ చిన్న విమానం కూలి చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు.

ఆ ఫార్ములా మారుతిలో మొదలుపెట్టిన కోయంబత్తూరు కుర్రాడే నరేన్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ టీమ్‌తో ఫార్ములా వన్‌లో మన దేశం నుంచి మొదటి డ్రైవర్ అయ్యాడు. ఇప్పుడు కథ ఇంకాస్త తమాషాగా ఉంటుంది, జాగ్రత్తగా వినండి.

2002లో ఫెరారీ 17 రేసుల్లో 15 గెలిచింది. 2004లో 18లో 15. జనం టీవీలు కట్టేసే పరిస్థితి. 2005కి రూల్స్ మారాయి, అందులో ఒకటి: క్వాలిఫయింగ్‌కీ మొత్తం రేసుకీ ఒకే సెట్ టైర్లు, పంక్చర్ లాంటిది అయితే తప్ప మార్చకూడదు. అధికారికంగా స్పీడు తగ్గించడానికి అన్నారు, ఫెరారీకి ముకుతాడు వేయడానికే అని చాలామంది అనుకున్నారు. ఏ ఉద్దేశంతో చేసినా ఫెరారీ మాత్రం పడిపోయింది. వాళ్ల బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు రేసు చివరిదాకా నిలబడలేదు, మిషెలిన్ వాడే టీమ్స్ దున్నేశాయి.

అదే ఏడాది జూన్ 19, ఇండియానాపోలిస్. అక్కడ 13వ మలుపు ఏటవాలుగా ఉంటుంది, టైరు మీద విపరీతమైన లోడ్. శుక్రవారం ప్రాక్టీస్‌లో రాల్ఫ్ షూమాకర్ కారు అక్కడే గోడకు గుద్దుకుంది. ఈ టైర్లతో రేసు మొత్తం సేఫ్ కాదని మిషెలిన్ వాళ్లే చెప్పేశారు. మధ్యలో మారుద్దామంటే రూల్ ఒప్పుకోదు. ఆ మలుపు ముందు స్పీడు తగ్గించేలా ట్రాక్ మార్చమంటే ఎఫ్‌ఐఏ ఒప్పుకోలేదు. ఆదివారం ఫార్మేషన్ ల్యాప్ అవగానే 14 కార్లు నేరుగా పిట్స్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలింది ఆరు. ఫెరారీ రెండు, జోర్డాన్ రెండు, మినార్డి రెండు. స్టాండ్స్‌లోంచి జనం బాటిల్స్ విసిరారు.

ఆ ఆరింట్లో మన నరేన్ 4వ స్థానం. 5 పాయింట్లు. ఫార్ములా వన్‌లో అతను సంపాదించిన పాయింట్లు అవే, ఆ ఒక్క రోజువే. ఫెరారీ ఆ సీజన్ మొత్తంలో గెలిచిన ఒకే ఒక్క రేసు కూడా అదే. ఒక టీమ్‌ని కిందికి దించిన రూల్, ఆ టీమ్‌కే ఆ ఏటి ఏకైక గెలుపు ఇచ్చింది, పోతూ పోతూ మనకు 5 పాయింట్లు పెట్టి పోయింది. మరుసటి ఏడు టైర్లు మార్చుకోవచ్చని మళ్లీ రూల్ తిప్పేశారు.

ఇండియన్ గ్రాండ్ ప్రీ సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే దాంట్లో రేసింగ్ పరంగా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని కథ. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013. మూడుసార్లూ పోల్ వెటెల్‌దే, మూడుసార్లూ గెలుపు వెటెల్‌దే, రెడ్‌బుల్. మొదటి రెండు రేసుల్లో ఒక్కో రేసుకి 60 ల్యాప్‌లు, 120 ల్యాప్‌లూ ముందున్నది అతనే. 2013లో అక్కడే నాలుగో టైటిల్ ఖాయం చేసుకుని, సంతోషం పట్టలేక మెయిన్ స్ట్రెయిట్ మీద కారు గిరగిరా తిప్పాడు. దానికి టీమ్‌కి 25,000 యూరోలు ఫైన్.

2014లో ఇంజన్ రూల్స్ మొత్తం మార్చారు, రెడ్‌బుల్ ఆధిపత్యం పోయింది. వచ్చింది ఏంటి? మెర్సిడెస్. 19 రేసుల్లో 16. ఆ ఏడాది నుంచి 2021 వరకు వరసగా 8 టీమ్ టైటిల్స్. కోడ్ రాసేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెడితే అందరూ సున్నా నుంచి మొదలుపెట్టరు, ఎక్కువ మందిని ముందుగా పనిలో పెట్టగలిగినవాడే మళ్లీ ముందుంటాడు.

అందుకే 2021లో ఖర్చు మీదే పరిమితి పెట్టారు, 14.5 కోట్ల డాలర్లు. దాంతోపాటు విండ్ టన్నెల్ టైమ్ కూడా ర్యాంకును బట్టి. 2022 నుంచి లెక్క చూస్తే మొదటి స్థానం టీమ్‌కి ప్రామాణిక సమయంలో 70 శాతం, పదో స్థానానికి 115 శాతం. రెడ్‌బుల్ 2021లో ఆ ఖర్చు పరిమితి దాటిందని తేలి 70 లక్షల డాలర్ల ఫైన్, టన్నెల్ టైమ్‌లో ఇంకో 10 శాతం కోత పడ్డాయి. తర్వాత 2023లో అదే రెడ్‌బుల్ 22 రేసుల్లో 21 గెలిచింది. ఇక్కడికి చాలామంది "చూశారా, పనిచేయలేదు" అని ఆపేస్తారు. నేను ఒప్పుకోను. ఇట్లాంటి కోత మెల్లగా పనిచేస్తుంది. 2024లో నాలుగు టీమ్స్ రేసులు గెలిచాయి, టీమ్ టైటిల్ మెక్‌లారెన్‌కి, 1998 తర్వాత మళ్లీ అప్పుడే. ఎవరినీ రాత్రికి రాత్రి కూలగొట్టకుండా, వెనకున్నవాడికి టైమ్ ఇచ్చే పద్ధతి ఇది. నా ఓటు దీనికే.

మరి మా వాళ్ల సలహా, అందరికీ ఒకే కారు? దాదాపు అదే మన హైదరాబాద్‌లో జరిగింది. 2023 ఫిబ్రవరి 11, ఫార్ములా ఈ. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సెక్రటేరియట్ పక్కన, లుంబినీ పార్క్ చుట్టూ 2.8 కిలోమీటర్ల ట్రాక్. చాసిస్, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే. మోటార్, ఇన్వర్టర్, గేర్‌బాక్స్, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరివి వాళ్లవి. ఆ సీజన్ మొదటి మూడు రేసులూ పోర్షే పవర్‌ట్రెయిన్ ఉన్న కార్లే గెలిచాయి. ఒకే కారు పెట్టినా ఆధిపత్యం దూరడానికి సందు దొరికిందన్నమాట. దాన్ని ఆపింది హైదరాబాదే. పోల్ తెచ్చుకున్న జాగ్వార్ మిచ్ ఎవాన్స్‌ని సొంత టీమ్‌మేట్ సామ్ బర్డే గుద్దేశాడు, రెండు కార్లూ అవుట్. చివర్లో డీఎస్ పెన్స్కీ జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర ఛార్జ్ తక్కువ, వెనకాల నిక్ క్యాసిడీ దగ్గర ఎక్కువ. అయినా రానివ్వలేదు. అర సెకను లోపు తేడాతో వెర్న్ గెలిచాడు. నోయిడా మూడేళ్లలో అట్లాంటి చివరి ల్యాప్ ఒక్కటీ లేదు.

2024 ఫిబ్రవరి 10న రెండో రేసు జరగాలి. జనవరిలోనే రద్దు చేశారు. చెల్లింపుల గొడవ కేసుల దాకా పోయింది, దాన్ని ఈ ఎపిసోడ్‌లో లాగను. కానీ ఒకటి గమనించండి. నోయిడా రేసు పోయింది వెటెల్ బోర్ కొట్టించాడని కాదు, యూపీలో పన్నుల పేచీతో. హైదరాబాద్ రేసు పోయింది పోటీ లేక కాదు. మన దగ్గర రేసులు ఆగిపోయిన చోట ట్రాక్ మీద ఎవరు గెలిచారన్నది లెక్కలోకే రాలేదు. ఫార్ములా మారుతి మాత్రం ఏళ్ల తరబడి నడిచింది, పక్క ఊరి మెకానిక్‌తో.

వచ్చే ఎపిసోడ్ పూర్తిగా షోలవరం మీదే. మన చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి అప్పట్లో ఫిబ్రవరి రేసులు చూడ్డానికి వెళ్లిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే అడిగి పెట్టండి, ఫోటోలు ఉంటే దాచిపెట్టండి. ఉంటానండీ.