జఖ్మ్ చెప్పే గవాహీ

పనాహ్ అడిగే మనిషి దగ్గర కాగితాలుండవు. రాత్రికి రాత్రి ఇల్లు విడిచి పారిపోయినవాళ్లకు ఎఫ్ఐఆర్ నకలు ఎవరిస్తారు? కొట్టింది పోలీసులే అయితే ఎవరి దస్తఖత్ తెచ్చుకోవాలి? పరాయి ముల్కులో అఫ్సర్ ముందు నిలబడ్డప్పుడు మిగిలే సుబూత్ చాలాసార్లు ఒక్కటే, తమ ఒళ్లు. ఆ ఒంటిని చదివి అదాలత్‌కు చెప్పే డాక్టర్ల తారీఖ్ మన ఇళ్లలో పెద్దగా తెలియదు. అందుకే రాస్తున్నాను.

1973లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పారిస్‌లో చిత్రహింసలకు వ్యతిరేకంగా పెద్ద సమావేశం పెట్టింది. మరుసటి ఏడే డెన్మార్క్‌లో ఇంగె గెనెఫ్కె, మరికొందరు డాక్టర్లు ఒక బృందంగా కలిశారు. చిలీ, గ్రీసు దేశాల మజ్లూంలను పరీక్షించి, జుల్మ్ ఒంటి మీదా దిమాగ్ మీదా ఏం మిగులుస్తుందో రాసిపెట్టారు. 1985లో లండన్‌లో ఇలాంటి సంస్థనే పెట్టిన హెలెన్ బాంబర్ డాక్టర్ కాదు. 1945లో, ఇరవై ఏళ్ల వయసులో, బెర్గెన్-బెల్సన్ నాజీ క్యాంపులో బతికి బయటపడ్డవాళ్లకు ఖిద్మత్ చేసిన మనిషి.

ఒక్కో డాక్టర్ ఒక్కో తీరుగా రాస్తే జడ్జి ఏది నమ్మాలి? దీనికి జవాబు ఎక్కువగా తుర్కీ నుంచి వచ్చింది. 1980 ఫౌజీ హుకూమత్ తర్వాత అక్కడి జైళ్లలో జరిగిన జుల్మ్ చూసిన డాక్టర్లు, వేరే దేశాలవాళ్లతో కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. 1999 ఆగస్టులో ఐక్యరాజ్య సమితికి అందిన దాని పేరే ఇస్తాంబుల్ ప్రొటోకాల్. అందులో ప్రతి నిషాన్‌కూ ఐదు మెట్లున్నాయి: చెప్పిన మాటకు సరిపోదు, సరిపోతుంది కానీ వేరే కారణాలూ చాలా ఉండొచ్చు, బాగా సరిపోతుంది, వేరే కారణాలు కొన్నే, అలాంటి దెబ్బకు మామూలుగా కనిపించే గుర్తే, ఇంకే రకంగానూ రాదు.

ఫలాకా సంగతి చూడండి. అరికాళ్ల మీద కర్రతో కొట్టడం అది. కొన్ని వారాలకు వాపు పోతుంది, పైకి ఏమీ కనిపించకపోవచ్చు. నడిస్తే మాత్రం నొప్పి ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే నిషాన్ లేనంత మాత్రాన జుల్మ్ జరగలేదని అనరాదని ప్రొటోకాల్ సాఫ్‌గా చెబుతుంది.

అమెరికాలో 2000 నుంచి 2004 దాకా కేసులు లెక్కేస్తే, డాక్టర్ల రిపోర్టు ఉన్నవాళ్లలో 89 శాతానికి పనాహ్ దొరికింది. దేశం మొత్తం మీద 37.5 శాతమే. వాళ్లకు మంచి వకీళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఖ్యాతి అంతా రిపోర్టుదే అనలేం.

రిపోర్టున్నా షక్ పోదు. బ్రిటన్‌లో ఒక శ్రీలంక తమిళుడి వీపు మీద, చేతి మీద కాల్చిన కడ్డీ మచ్చలున్నాయి. పనాహ్ కోసం ఆయనే ఎవరితోనో వేయించుకుని ఉంటాడని కింది ట్రిబ్యునల్ అంది. 2019లో సుప్రీంకోర్టు ఆ ఫైసలా కొట్టేసింది. కావాలని ఇలా కాల్పించుకునేవాళ్లు చాలా అరుదని, ఆ మాటను మరువరాదని చెప్పింది.

గవాహీ చెప్పే డాక్టర్‌కూ ఖత్రా ఉంది. ప్రొటోకాల్ రాసినవాళ్లలో ఒకరైన షెబ్నెం కోరుర్ ఫిన్‌జాంజీని, రసాయన ఆయుధాల ఆరోపణపై విచారణ అడిగినందుకు 2022లో తుర్కీ జైల్లో పెట్టింది.

ఇక మన దగ్గర. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యా కుటుంబాలు ఐక్యరాజ్య సమితి కార్డులతో కాలం గడుపుతున్నాయి. మన ముల్క్ 1951 శరణార్థుల ఒప్పందం మీద దస్తఖత్ చేయలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో చేసింది కానీ ఖరారు చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు.

పిల్లల్ని డాక్టర్ చదివించాలనే ఖ్వాహిష్ మన ఇళ్లలో చాలా ఉంది. ఈ పనిలో నాకు గొప్పగా అనిపించేది రహమ్ ఒక్కటే కాదు, అమానత్ కూడా. రెండో మెట్టు జఖ్మ్‌ను జాలిపడి ఐదో మెట్టని రాస్తే, రేపు వచ్చే నిజమైన మజ్లూం మాట ఎవరూ వినరు. మీ ఇంట్లో మెడిసిన్ చదివే బిడ్డ ఉంటే ఈ సంగతి చెప్పండి.