వజ్రంలో ఒక్క గీత

ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్‌లో దుకాణాలు షట్టర్లు దించాకే ఫుట్‌పాత్‌కు తెల్లారుతుంది. పోయిన నెల అక్కడ పాత పుస్తకాలాయన్ని “గ్రూప్ థియరీ ఉందా భాయ్?” అని అడిగాను. “గ్రూప్-1 ఉంది, గ్రూప్-2 ఉంది. ఏది కావాలె సార్?” అన్నాడు. నేను వెతుకుతున్నది 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చు వేసిన ఇంగ్లీషు పుస్తకం. గ్రూప్ థియరీ అంటే సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితం; దానిమీద భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి రాసింది. ఆ ఫుట్‌పాత్ నుంచి కాస్త నడిస్తే భగవంతం చదువుకున్న నిజాం కాలేజీ వస్తుంది.

అసలు ఆబిడ్స్ పేరు వెనకే ఒక వజ్రం కథ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్. ఆయన పెట్టిన దుకాణం పేరే ఈ పేటకు వచ్చింది. 1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్ ఒక పెద్ద వజ్రాన్ని నిజాంకు అమ్మజూపినప్పుడు నడుమ బేరం నడిపింది ఈ ఆబిదే. బేరం చెడి కలకత్తా హైకోర్టుదాకా పోయింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. కొల్లూరు గనుల రాయి కాదది, దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారని చెబుతారు. 184.75 క్యారెట్లు, అంటే 37 గ్రాములకు ఓ పిసరు తక్కువ. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు దాన్నీ కొన్నది.

భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో చదువు ఉర్దూలో సాగేది. నిజాం కాలేజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఇంగ్లీషులో నడిచేది. అక్కడ డిగ్రీ చేసి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. చెదిరిన కాంతిలో కొత్త గీతలు కనబడ్డ సంవత్సరం అది. గాజు, ద్రవం, స్ఫటికం, ఏది దొరికితే దానిమీద వెలుతురు పడేసి గీతలు లెక్కపెడుతున్నారు. 1930లో వజ్రం వంతు వచ్చింది. సి. రామస్వామి దాని గీతను పట్టుకున్నారు, అదే ఏడు భగవంతం కూడా వజ్రం వర్ణపటంపై వ్యాసాలు వెలువరించారు. వజ్రంలో కొట్టొచ్చినట్టు కనబడే గీత ఒక్కటే. సెంటీమీటరుకు 1332 తరంగాల దగ్గర, దారప్పోగంత సన్నగా.

ఒక్కటే ఎందుకు? దీనికి కంప్యూటరు అక్కర్లేదు, కాగితం చాలు. వజ్రం అల్లికలో పదే పదే వచ్చే అచ్చులో ఉన్నవి రెండే కార్బన్ పరమాణువులు. ఒక్కొక్కటి మూడు దిక్కుల్లో కదలగలదు, మొత్తం ఆరు కదలికలు. రెండూ కలిసికట్టుగా జరిగేవి మూడు. అవి శబ్ద తరంగాల ఖాతాలోకి పోతాయి. మిగిలిన మూడింట్లో పరమాణువులు ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి. వజ్రానికి ఘనపు సౌష్ఠవం ఉంది కాబట్టి ఆ మూడు దిక్కుల మధ్య తేడా లేదు, మూడు ఊపులకూ ఒకటే శక్తి. కాబట్టి గీత ఒక్కటే. ఇలాంటి లెక్కను ఏ స్ఫటికానికైనా వేసే పద్ధతిని భగవంతం, వెంకటరాయుడు వాల్తేరులో కుదురుగా తయారుచేశారు. వాళ్ల వ్యాసం 1939లో వచ్చింది, నేను వెతుకుతున్న పుస్తకం ఆ తర్వాత. ఎన్ని గీతలు, వాటిలో ఏవి కనబడతాయి అన్నది ప్రయోగం చెయ్యకముందే చెప్పెయ్యొచ్చు.

అయితే ఆ గీత 1332 దగ్గరే ఎందుకు పడిందో సౌష్ఠవం చెప్పలేదు. పరమాణువుల మధ్య బంధం ఎంత గట్టిదో తెలియాలి, బంధమంటే ఎలక్ట్రాన్లు. జేకబ్ వజ్రంలో పరమాణువుల సంఖ్య రాయాలంటే సుమారుగా 2 పక్కన 24 సున్నాలు పెట్టాలి. ఒక్కో పరమాణువుకు బయటి ఎలక్ట్రాన్లు నాలుగు. ప్రతి ఎలక్ట్రానూ మిగతా అన్నిటినీ నెడుతుంది. ఇక్కడ కాగితం చాలదు.

నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు ఆదివారం సాయంత్రం వెళ్లినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒకడు రెండడుగులు వేస్తే చుట్టూ పదిమంది సర్దుకుంటారు. నడిచేది ఆ మనిషి ఒక్కడే కాదు, అతనితో పాటు చుట్టూ తెరుచుకునే ఆ ఖాళీ కూడా. ఎలక్ట్రానూ అంతే. చాలాకాలం లెక్కలు జనాన్నంతా సగటు చేసి ఒక ముద్దగా పెట్టేవి. దాంతో వజ్రంలో బంధం వదిలి కదలడానికి ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం 4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తేలేది. నిజానికది 5.5. మన కంటికి కనిపించే కాంతి 3 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, తప్పు లెక్కలోనూ వజ్రం పారదర్శకమే. పాపం జెర్మేనియం గతే ఘోరం. అదే లెక్కలో అది అర్ధవాహకంలా కాక లోహంలా తేలిపోయేది.

చుట్టూ సర్దుకునే ఆ జనాన్ని సమీకరణాల్లోకి తెచ్చే దారిని 1965లో స్వీడన్‌కు చెందిన లార్స్ హెడిన్ చూపించారు. దాన్ని నిజమైన పదార్థాలపై నడిపించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1985లో అమెరికాలో మార్క్ హైబర్ట్‌సెన్, స్టీవెన్ లూయీ ఆ లెక్క వేస్తే వజ్రానికి 5.6 వచ్చింది. అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. కాంతి తగిలి ఎలక్ట్రాన్ పైకి లేస్తే అది వదిలిన ఖాళీ దాన్ని వెనక్కి లాగుతూనే ఉంటుంది, తిరునాళ్లలో చెయ్యి జారిన పిల్లాడికోసం తల్లి వెతికినట్టు. ఆ లాగుడునూ కలిపి వజ్రం, సిలికాన్‌ల కాంతి శోషణను లెక్కగట్టడం 1998కి కుదిరింది.

భగవంతం 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతిగా ఉన్నారు, 1989లో కన్నుమూశారు. 5.6 అన్న అంకె అచ్చయిన నాలుగేళ్లకు.

పోయిన ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్లాను. పుస్తకం రాలేదు గానీ ఆ పుస్తకాలాయన నన్ను గుర్తుపట్టాడు. “గ్రూప్-4 వచ్చింది సార్” అన్నాడు.