హ్రస్వతరంగములనుండి అంతర్జాలమునకు: పొరుగు రాష్ట్రములందలి తెలుగువారి రేడియో శ్రవణము

1956లో భాషనుబట్టి రాష్ట్రముల యెల్లలు ఏర్పడినవి. కాని భాష మాట్లాడు జనులందరును ఆ యెల్లలలోపల ఇమిడిపోలేదు. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము మున్నగు పట్టణములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఇంటి వెలుపలి శిష్టభాషను వినిపించిన సాధనములలో రేడియో ముఖ్యమైనది. ఆ వినికిడి కాలక్రమమున ఎట్లు మారెనో పరిశీలింపదగియున్నది.

1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రము తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములను కూడ ప్రసారము చేసెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. నిజాము రాజ్యమునందలి దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. మధ్యతరంగములు పగటివేళ ఎక్కువ దూరము పోజాలవు. షార్టువేవు అని మనము పిలుచు హ్రస్వతరంగములు పైయాకాశమునందలి అయనావరణమును తాకి మరలి వచ్చుటచే దూరదేశములకును చేరును.

1952లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రియైన బి.వి. కేస్కర్ కాలమున ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు తగ్గెను. ఆ కొరతను రేడియో సిలోను తీర్చెను. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైన పిమ్మటను శ్రోతలకు సిలోనుపై మక్కువ పోలేదు. అచ్చటినుండి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై కంఠమును నాటి శ్రోతలు మరువలేదు.

ఈ శ్రవణమునకు శ్రమ అవసరమయ్యెను. ఇంటికప్పుపై ఏరియల్ తీగ కట్టవలెను. పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ముల్లును వెండ్రుకవాసి జరుపవలెను. ధ్వని ఒకమారు ఉబికి, ఒకమారు క్రుంగెడిది. పగలు పలికిన మీటరు రాత్రి పలికెడిది కాదు. వేళ తప్పినచో కార్యక్రమము మరల దొరకదు. కావుననే గడియారము ఇంటిల్లిపాదిని ఒకచోట చేర్చెను. తాత కొరకు పెట్టిన వార్తలను మనుమడును వినెను. కన్నడమునందో ఒడియాయందో చదువు సాగించు బాలునకు తెలుగు ఈ విధముగా అప్రయత్నముగనే చెవిని పడెను.

నేడు స్థితి వేరు. 2017 అక్టోబరు 2న ఆరంభమైన బి.బి.సి. తెలుగు విభాగము హ్రస్వతరంగములతో పనిలేక అంతర్జాలమునందే పుట్టెను. అదే సంస్థ హిందీ హ్రస్వతరంగ ప్రసారములు 2020 జనవరి 31తో ముగిసెను. ఆకాశవాణి తెలుగు కేంద్రములను ‘న్యూస్ ఆన్ ఎయిర్’ ద్వారా ఏ యూరనైనను సెల్‌ఫోనులో వినవచ్చును. గరగర లేదు, దూరభేదము లేదు, చేజారిన కార్యక్రమములను సైతము పెక్కింటిని తిరిగి వినవచ్చును. తీగ కట్టియు రేడియో పలుకక నిరాశ చెందిన తరమువారికి ఇది తీరిన కోరిక.

అయితే దూరముతోపాటు ఉమ్మడి వేళయు తొలగినది. నేడు ఎవరి చెవి వారిది, ఎవరి పాట వారిది. పెద్దలు వినునది పిన్నల చెవిని పడుట అరుదైనది. తెలుగు అందుబాటులో ఉండుట వేరు, ఇంట వినబడుట వేరు. వెనుకటి రేడియో రెండవదానిని సాధించెను. నేటి సాధనము మొదటిదానిని మాత్రమే ఇచ్చుచున్నది.

కావున లోపము యంత్రమునది కాదు. చెవి బిరడాలు తీసి, దినమునకొక పావుగంట తెలుగు వార్తలనో నాటికనో ఇంటిల్లిపాదియు కలిసి వినినచో పాతదాని ఫలము, క్రొత్తదాని సౌకర్యము రెండును దక్కును. పాఠశాలలో తెలుగు గంటలు తగ్గుచున్న ప్రాంతములందు ఈ పావుగంట విలువ తక్కువది కాదు.