బీరువా నేర్పిన వేగం

డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి పనిచేసిన మన సభ్యులకు జనరల్ అసెంబ్లీ డ్రాయింగు గురించి చెప్పనక్కరలేదు. అందులో అమరిక, ముఖ్య కొలతలు, పార్టు నంబర్లు ఉండేవి. ఒక్కొక్క పార్టు వివరం వేరే షీటులో ఉండేది. కావలసిన షీటునే బీరువాలోంచి తీసేవాళ్లం.

క్యాడ్ వచ్చాక ఈ పద్ధతి కొన్నాళ్లు మరుగున పడింది. అసెంబ్లీ తెరిస్తే ప్రతి పార్టూ, దాని ప్రతి రంధ్రమూ మెమరీలోకి రావలసిందే. మేము టీ తాగి వచ్చినా తెర మీద బొమ్మ పూర్తయ్యేది కాదు.

నిజానికి దారి ముందే ఉంది. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌లో మూలచిత్రం ఒక్కసారి గీస్తే చాలు, ఎన్నిచోట్లనైనా వాడుకోవచ్చు. వెయ్యి బోల్టులకు వెయ్యి బొమ్మలు అక్కరలేదు. దూరంగా కనిపించే వస్తువుకు తక్కువ వివరం చాలునని 1976లో జేమ్స్ క్లార్క్ తన వ్యాసంలో చూపారు. 1994లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ను కాటియాలో రూపొందించారు. భాగాలన్నీ కలిపి చూడడానికి మాత్రం బోయింగ్ వారు ఫ్లైత్రూ అనే వేరే ప్రోగ్రాము తయారు చేసుకున్నారు. తరువాత సాలిడ్‌వర్క్స్‌లో లైట్‌వెయిట్ పద్ధతి వచ్చింది. మొదట పైరూపమే వస్తుంది, అవసరపడినప్పుడే పూర్తి వివరం.

ఇదంతా మన బీరువా పద్ధతే కదా! కొత్త కంప్యూటరు కొంటే చాలుననుకునే పిల్లలకు మనం చెప్పవలసింది ఉంది. సబ్ అసెంబ్లీలుగా విడదీయండి. బోల్టుకు థ్రెడ్డంతా చెక్కకండి, మనం రెండు సన్నగీతలతో సరిపెట్టేవాళ్లం. అడగని షీటును బయటికి తీయకండి.