పొగలేని పొయ్యి: దాని పూర్వోత్తరములు

తర్కశాస్త్రము చదివినవారికి వంటయిల్లు క్రొత్త చోటు కాదు. పర్వతముమీద పొగ కనబడినది గనుక అచ్చట నిప్పున్నదని నిశ్చయించుటకు మన నైయాయికులు చూపిన దృష్టాంతము మహానసము, అనగా వంటశాల. ఎచ్చట పొగ యుండునో అచ్చట నిప్పుండును, వంటయింటిలో చూడలేదా యని వారి వాదము. పదునేడవ శతాబ్దమున అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును వల్లించిన ప్రతి బాలుడును ఈ మాట నేర్చినవాడే. అయితే దీనిని తిరుగవేసి, నిప్పున్న చోటనెల్ల పొగ యుండునా యని యడిగినచో శాస్త్రము ఒప్పుకొనదు. ఎర్రగా కాలిన యినుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పొక్కటియే చాలదు, తడికట్టె దానికి తోడు కావలెను. ఆర్ద్రేంధనసంయోగమను ఉపాధి యని దీనికే పేరు.

ఈ సూక్ష్మమును పాఠశాలలో బోధించి యిల్లు చేరిన పండితునకు కనబడునదేమి? తల్లియో భార్యయో ఊదుగొట్టముతో ఊదుచు, చెంగుతో కన్నులు తుడుచుకొనుచుండును. పొగ నిప్పునకు సహజధర్మము కాదని బయట సిద్ధాంతము చేసినవాడే ఇంటిలోని పొగను ఆడువారి నొసటి వ్రాతగా ఎంచెను. ఎన్ని తరములు ఇట్లు గడచినవో లెక్కలేదు. ఆ పొగ చరిత్రయు, దానిని వంటయింటినుండి వెడలగొట్టుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయు నేను చెప్పబూనిన విషయము.

పూర్వులు దీనిని బొత్తిగా తలపోయలేదనుట సరికాదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున మొదటి యధ్యాయమునందే, రాజుల వంటశాల విశాలముగా, శుచిగా, గవాక్షములు కలదిగా నుండవలెనని విధింపబడినది. కాని అది రాజుల వంటశాల. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల చుట్టిండ్లను చూడుడు. గుండ్రని మట్టిగోడ, దానిపై శంకువువలె లేచిన తాటాకుకప్పు లేక గడ్డికప్పు, నడుము వంచినగాని దూరరాని చూరు. సముద్రపు గాలివానకు నిలుచుటకు ఆ రూపము మిక్కిలి అనువైనది. ఏ దిక్కున వీచినను గాలికి పట్టు చిక్కదు. ఆ గుణమే పొగ విషయమున దోషమైనది. కిటికీ లేదు, గొట్టము లేదు. లేచిన పొగ కప్పు సందులగుండ మెల్లమెల్లగా వెడలవలసినదే. అందువలన కప్పునకు చెద పట్టదనియు, అటకమీది విత్తనపు కంకులకు పురుగు చేరదనియు, దోమల బాధ తగ్గుననియు పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. ఈ లాభమును గుర్తింపని సంస్కర్తలు తరువాత ఎట్లు చిక్కులు పడిరో ముందు విన్నవించెదను.

మనవారికి పొయ్యినిగూర్చి తెలివి లేదని యెవరైన ననినచో నేనొప్పుకొనను. పెద్ద పొయ్యి ప్రక్కనే కోడిపొయ్యి పెట్టి, మిగిలిపోవు మంటతో చారు కాచుకొనిరి. పాలు ఎర్రగా మీగడకట్టుటకు పిడకల దాలి యేర్పరచిరి. పెండ్లిండ్లకు గాడిపొయ్యి త్రవ్వి వరుసగా అండాలు ఎక్కించిరి. మనకు పొరుగున నున్న పూరీ జగన్నాథుని వంటశాలలో కుండమీద కుండ పేర్చి ఒక్క మంటతో పెక్కు కుండలు పచనము చేయుట మన యాత్రికులు చూచినదే. అన్నిటికంటె విచిత్రము బెల్లపు పొయ్యి. చెరకు గానుగవద్ద పెనముక్రింద త్రవ్విన ఆ పొయ్యికి ఒక వైపు పిప్పి వేయు నోరు, రెండవ వైపు పొగ వెడలు మార్గము. మంట నోటినుండి పెనము అడుగంతయు నాకుచు అవతలి మార్గమున లాగబడును. ఊదుగొట్టముతో పని లేదు. తన పొలములో బెల్లమునకు ఇట్టి పొయ్యి త్రవ్విన రైతు, తన యింట అన్నము వండు పొయ్యికి ఆ రెండవ మార్గము పెట్టవలెనని తలపడయ్యెను. కారణము నేను వేరుగ చెప్పనక్కర లేదు. బెల్లపు పొయ్యివద్ద కూర్చుండువాడు తానే.

పశ్చిమదేశములందును ఈ తెలివి ఆలస్యముగానే కలిగినది. చలిదేశములగుటచేత వారికి పొగగొట్టము పూర్వమునుండి యున్నను, వేడిమిలో అధికభాగము ఆ గొట్టముననే పోవుచుండెను. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కట్టెలు తక్కువగా కాలు ఇనుప అగ్గిగూడు నొకదానిని కల్పించి, 1744లో దానినిగూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. దానిపై తనకు ప్రత్యేకాధికారము నిచ్చెదమన్నను వలదని, లోకులందరును చేసికొనవచ్చునని విడిచిపెట్టెను. ఆ శతాబ్దాంతమున మ్యూనిచ్ నగరమున పనిచేసిన కౌంట్ రంఫర్డు బహిరంగముగా మండు మంటను ఇటుకలతో మూసి, పాత్రకు సరిపడు కంత పెట్టి, గాలి వచ్చు ద్వారమును కుదించి వంటపొయ్యిలు కట్టించెను. మంటను మూయవలెను, గాలిని అదుపులో నుంచవలెను, పాత్ర కంతకు అతుకవలెను. తరువాత వచ్చిన పొయ్యిలన్నియు ఈ మూడు మాటల వ్యాఖ్యానములే.

మన దేశమున ఈ కార్యమునకు పూనుకొన్న మొదటివారిలో వార్ధాలోని మగన్‌వాడివారిని పేర్కొనవలెను. 1934లో గాంధీమహాత్ముడు స్థాపించిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము జె. సి. కుమారప్పగారి నిర్వహణమున అచ్చట పనిచేసినది. గొట్టము గల మట్టిపొయ్యి యొకటి 1947 ప్రాంతమున అచ్చటినుండి వెలువడి మగన్ చూలా యని ప్రసిద్ధమైనది.

అంతకంటె మనకు దగ్గరి కథ హైదరాబాదుది. అచ్చటి ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారను శాస్త్రజ్ఞులు పొగలేని పొయ్యినిగూర్చి పరిశోధించిరి. ఆనకట్టలు, వంతెనలు, సిమెంటు పరీక్షలు జరుగు తావులో మట్టిపొయ్యికి చోటిచ్చుట సామాన్యము కాదు. ఆయన పొయ్యికి ఆ పరిశోధనాలయపు పొడియక్షరములతోనే ‘హెర్ల్ చూలా’ యని పేరు వచ్చినది. ఒకే నోట కట్టె పెట్టవలెను. మంట మట్టిలో తొలిచిన దారిగుండ వరుసగా పాత్రల క్రిందికి పోవును. చివర పొగ గొట్టమునుండి కప్పుమీదికి లేచును. గొట్టములో మంట వేగమును తగ్గించుటకు ఒక అడ్డుపలక. కోట్లకొలది సామాన్యజనుల వంటయిండ్లకు పొగ లేకుండ చేయుటయనునదే పేరుగా గల ఆయన ఆంగ్లగ్రంథము 1953లో మద్రాసున అచ్చయినది. నగరములలో వాయువుతోను విద్యుత్తుతోను వండుకొనువారికొరకు గాక, కట్టెలతో వండు కోట్లమందికొరకు ఒక ఇంజనీరు కలము పట్టుట ఆ కాలమున అరుదు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో చేరకపోవుట నాకు మనస్తాపము.

పొగను సుఖదుఃఖముల ప్రశ్నగానే చూచినవారికి 1959లో కనువిప్పు కలుగవలసినది. ఢిల్లీలో హృద్రోగవైద్యురాలైన డాక్టరు పద్మావతిగారు ఊపిరితిత్తులు చెడి తన్మూలమున గుండె చెడు వ్యాధిని పరిశీలించి, చుట్ట, బీడి యెరుగని స్త్రీలకును అది కలుగుచుండుటకు కట్టెల పొగను, పిడకల పొగను ఒక కారణముగా ఎంచిరి. మన పల్లెలలో ముసలమ్మల దగ్గును ‘వయసు దగ్గు’ అనుచుందుము. అందులో వయసు పాలెంత, పొయ్యి పాలెంత యని అడిగినవారు లేరు.

ఇక కట్టెల సంగతి. 1882 నాటి మద్రాసు అడవి చట్టముతో రిజర్వు అడవులు ఏర్పడి, గూడెము మొదలగు మన్యభాగములలో గిరిజనులకు అడవి తమది కాకపోయినది. 1922లో అల్లూరి సీతారామరాజుగారి వెంట వారు లేచుటకు గల కారణములలో ఈ అడవి బాధ ముఖ్యమైనది. అటుపిమ్మట గూడ సవరలు, జాతాపులు తలమీద మోపులతో కొండ దిగి పార్వతీపురము, సాలూరు సంతలకు వచ్చుట చూచినవారు మనలో పెక్కుమంది. సముద్రతీరపు ఇసుకనేలలలో సరుగుడు తోటలు పెరిగిన తరువాత మైదానపు ఊళ్లకు కొంత తెరపి కలిగినది. పొయ్యిలో వృథాయగు ప్రతి కట్టెయు ఎవరిదో ఒకరి తలమీద దిగివచ్చినదే గదా. మూడురాళ్ల పొయ్యిలో కాలిన కట్టె వేడిమిలో నూటికి పది, మిక్కిలి నేర్పుగా మండించినచో పదునైదు పాళ్లు మాత్రమే పాత్రకు చేరునని పరీక్షించినవారు లెక్కగట్టిరి.

1983లో కేంద్రప్రభుత్వము ఈ భారమును తలకెత్తుకొని, మెరుగుపరచిన పొయ్యిల జాతీయకార్యక్రమమును ప్రారంభించినది. 2002 వరకు నడచిన ఆ కార్యక్రమమున దేశమంతట మూడుకోట్లకు పైగా పొయ్యిలు నెలకొల్పబడినవి. బెంగుళూరులోని సైన్సు ఇన్‌స్టిట్యూటువారు ‘అస్త్ర ఒలె’ యను మంచి పొయ్యిని నిర్మించినదియు ఆ దినములలోనే. అయినను ఆ మూడుకోట్లలో పెక్కు పొయ్యిలు కొలది యేండ్లలోనే మూలబడినవి. నేనెరిగిన ఒక గ్రామమున, ఒక కార్యాలయమువారు ఒక్క వారములో వీధి వీధియంతయు పొయ్యిలు పెట్టించి, లెక్క వ్రాసికొని వెడలిరి. మరుసటి వర్షకాలమునకు గొట్టములు మసితో పూడినవి. పొగ వెనుకకు తిరిగి యింటిలోనికే వచ్చినది. గొట్టమును ఎట్లు తుడువవలెనో ఆ ఇల్లాండ్రకు ఎవరును చెప్పలేదు. కంతలు ఒక కొలతవి, వారి తపేలాలు మరియొక కొలతవి. సందునుండి మంట పైకి చిమ్మెను. కొందరు కట్టె దూరుటకై పొయ్యి నోటిని గునపముతో పెద్దది చేసికొనిరి, దానితో గాలి అదుపు తప్పినది. పైగా తాటాకుకప్పునకు పొగ తగులక చెద పట్టినదని అత్తగారి సణుగుడు. నిప్పును ఊదవలసినది యెవరో వారిని అడుగకయే పొయ్యి పెట్టిరి. లోపము శాస్త్రమునది కాదు.

తరువాత గ్యాసు వచ్చినది. మన రాష్ట్రమున 1999లో దీపము పథకమును, దేశమున 2016లో ఉజ్జ్వల పథకమును పేద స్త్రీలకు బండలు ఇప్పించినవి. అది మహోపకారము. కొనగలిగినవారు నిత్యపు వంట దానిమీదనే చేసికొనుట ఉత్తమమని నా యభిప్రాయము. కాని బండ వెల భరింపలేని నెలలందు, పశువులకు ఉలవలు ఉడికించుటకును, స్నానపు నీళ్లకును, చోడి అంబలి పెద్దకుండతో కాచుటకును పెరటిపొయ్యి మండుచునే యున్నది. కాబట్టి దానిని చక్కగా ఎన్నుకొని నడుపుకొను విధము తెలిసికొనుట మేలు.

ఇంటిలో గొట్టమున్న పొయ్యిని, ఆరుబయట గొట్టములేని చిన్న పొయ్యిని పెట్టుకొనవచ్చును. మట్టి మందము మితిమీరరాదు. ఒక్క అన్నము వండి దింపుకొను చిన్నకుటుంబమున ఆ మట్టియే వేడినంతయు త్రాగివేయును. పొయ్యి కట్టుటకు ముందు, ఆ యింట నిత్యము వాడు తపేలాలనే తెచ్చి బోర్లించి కంత కొలుచుకొనవలెను. అడుగున ఇనుపకడ్డీల జల్లెడ యుండి, దానిక్రిందినుండి గాలి చొచ్చినచో బూడిద రాలిపోయి మంట తేటపడును. గొట్టము కప్పు నడికొప్పుకంటె ఎత్తుగా లేవవలెను. తాటాకునకు తాకకుండ చుట్టును జానెడు మట్టికట్టు వేయుట మరువరాదు. కుమ్మరివాని మట్టిగొట్టములు దీనికి చాలును. నెలకొక మారు, వర్షకాలమున రెండు మారులు, పొడవైన కర్రకు కొబ్బరిపీచు కట్టి మసి రాల్చవలెను. ఇది మగవారి పని. కప్పుమీదికి ఎక్కవలసినది గనుక ఆడువారికి వదలరాదు.

కట్టె విషయమున తార్కికుల ఉపాధిని జ్ఞప్తియందుంచుకొన్న చాలును. అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ నీరు ఆవిరియగుటకే నిప్పులో కొంతభాగము వ్యయమగును. చీల్చి, నీడపట్టున ఆరుమాసములు పేర్చిన కట్టె పొగ లేక మండును. బొటనవ్రేలి లావు పుల్లలను రెండు మూడు చొప్పున కొనలే కాలునట్లు పెట్టి, కాలినకొలది లోనికి నెట్టవలెను. నోరు పట్టినంత కట్టె కూరుట పొగను పిలుచుటయే. సరుగుడు శ్రేష్ఠము. గోగుపుల్లలు భగ్గున మండి ఆరిపోవును గనుక రాజబెట్టుటకు మంచివి, అన్నము ఉడుకువరకు నిలువవు. పలాస ప్రాంతమువారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక: జీడిగింజల పెంకులను వంటపొయ్యిలో వేయరాదు. వానిలోని నూనె చర్మమును పొక్కించునట్టిది, దాని పొగ కన్నులను, గొంతును మండించును. జీడిమామిడి కట్టెకు ఆ దోషము లేదు, బాగుగ ఎండవలెను. బొగ్గుల కుంపటికి కంటికి కనబడు పొగ లేదని మూసిన గదిలో పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము. వాసన లేని విషవాయువు దానినుండి పుట్టును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాలలో విద్యుత్తు దినముల తరబడి లేదు, దారులు మూసికొనిపోయినవి. ఉద్దానమున కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగి కట్టె కావలసినంత పడియున్నను, అది యంతయు పచ్చిది, వాన నీరు త్రాగినది. ఆ దినములలో అటకమీద పదిదినముల ఎండుకట్టె దాచుకొన్న యిల్లు ఇరుగుపొరుగువారికి గూడ గంజి కాచిపెట్టగలదు. ఆశ్వయుజమునకు ముందే, భాద్రపదపు ఎండ కాసిన రెండు దినములు చూచి, ఆ కట్టెను ఒకసారి దింపి ఎండబెట్టి మరల ఎత్తిపెట్టుకొనవలెను.